ఉభయకుశలోపరి

తెలుగువారు ఉత్తరాలు రాసుకొన్న కాలంలో లేఖ ఆరంభంలో తప్పక కనిపించిన పదం ‘ఉభయకుశలోపరి’. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాం అని చెప్పిన తరువాత, ఆ ఒక్క పదంతో రాసేవారు అసలు సంగతిలోకి ప్రవేశించేవారు. ఇరువైపులా కుశలం విచారించుకొన్న పిమ్మట చెప్పవలసినది అని దాని భావం. అంటే కుశలప్రశ్న ఉత్తరానికి గుమ్మం మాత్రమే. ఇల్లు ఆ గుమ్మం దాటిన తరువాత ఉంటుంది. ఆవు ఈనిన వార్త, తీరని అప్పు, తాతకు తగ్గని దగ్గు, బడికి పోనని మొరాయించే చిన్నవాడి అల్లరి - సంసారమంతా ఆ ‘ఉపరి’లోనే ఉండేది.

నేడు ఉత్తరాలు దాదాపు కనుమరుగయ్యాయి. అరచేతిలోని ఫోను వేల మైళ్ళ దూరంలో ఉన్నవారి ముఖాన్ని నిమిషంలో కళ్ళముందు నిలుపుతున్నది. అయినా పని కోసం తల్లిదండ్రులు ఒకచోట, పిల్లలు మరొకచోట బతుకుతున్న కుటుంబాలలో మాటలు తరచుగా గుమ్మం దగ్గరే ఆగిపోతున్నాయి. “బాగున్నావా?” “బాగున్నాను.” అంతే. కుశలం మిగిలింది, ఉపరి పోయింది. ఆ చెప్పని సంగతుల బరువును ఎక్కువగా మోస్తున్నవారు కౌమారంలో ఉన్న పిల్లలు.

‘కూటి కొరకు కోటి విద్యలు’ అన్నారు పెద్దలు. ఆ కోటి విద్యలలో ఇల్లు విడిచి వెళ్ళడం ఒకటి. తెలుగు నేలకు అది కొత్త కాదు. వానలు మొహం చాటేసిన పాలమూరు నుంచి గుంపులు గుంపులుగా బయలుదేరిన కూలీలు దేశంలోని అనేక ఆనకట్టలకు మట్టి మోశారు. కర్నూలు పశ్చిమ ప్రాంతంలోని ఆదోని, కోసిగి పరిసరాల పల్లెల నుంచి మిరప కోతలకూ, పత్తి ఏరడానికీ గుంటూరు వైపు వెళ్ళడాన్ని అక్కడివారు ‘సుగ్గికి పోవడం’ అంటారు. ఆ రోజుల్లో ఆ పల్లెల్లో ముసలివారూ, బడి ఈడు పిల్లలూ మాత్రమే మిగులుతారు. కొన్ని ఇళ్ళకు తాళాలే కాపలా.

1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరగడంతో గల్ఫ్ దేశాలలో సంపద పోగుపడింది. రోడ్లు, రేవులు, ఆకాశహర్మ్యాలు కట్టడానికి ఆ దేశాలకు మనుషులు కావలసి వచ్చారు. పూర్వపు కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి మగవారు దుబాయి, మస్కట్, సౌదీలకు దారి పట్టారు. పూర్వపు కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచీ, ఉభయ గోదావరి జిల్లాల నుంచీ ఎందరో స్త్రీలు ఇంటి పనుల కోసం కువైట్‌కు వెళ్ళారు. నేటికీ వెళుతున్నారు. ఒక ఊరి నుంచి ఒకరు వెళితే, ఆమె పంపిన వీసాతో చెల్లెలు, చెల్లెలి వెనుక వదిన వెళ్ళిన ఇళ్ళున్నాయి.

ఇక్కడ గమనించవలసిన ఒక అంశం ఉన్నది. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫ్ వంటి కొన్ని దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి పొందాలని 1983 నాటి వలస చట్టం నిర్దేశించింది. ఆ ఏర్పాటులో భాగంగా, ఇంటి పనులకు వెళ్ళే స్త్రీకి కనీసం 30 ఏళ్ళు నిండాలన్న నియమం వచ్చింది. పరాయి దేశంలో చిన్న వయసు ఆడవారు మోసపోకుండా కాపాడడానికి చేసిన నియమం అది. ఉద్దేశం మంచిదే. అయితే మన పల్లెల్లో ముప్పై ఏళ్ళు నిండిన స్త్రీకి సాధారణంగా పది, పన్నెండేళ్ళ బిడ్డ ఉంటుంది. అంటే తల్లి విమానం ఎక్కే వయసూ, బిడ్డ బాల్యం దాటి కౌమారంలో అడుగుపెట్టే వయసూ ఇంచుమించు ఒకటే అవుతాయి. పాలు తాగే పసిబిడ్డను విడిచి వెళ్ళడం ఎంత కష్టమో లోకానికి తెలుసు. పన్నెండేళ్ళ బిడ్డను విడిచి వెళ్ళడంలోని కష్టం అంతగా లోకం కంట పడదు. పిల్ల పెద్దదయింది, తన పనులు తాను చేసుకోగలదు అని అందరూ తృప్తి పడతారు. తన పనులు తాను చేసుకోగలగడం వేరు, తన మనసును తాను మోసుకోగలగడం వేరు.

కౌమారం విచిత్రమైన దశ. శరీరం తొందరపడుతుంది, వివేకం నెమ్మదిగా నడుస్తుంది. ముందువెనుకలు ఆలోచించి నిర్ణయం తీసుకొనే మెదడు భాగం పూర్తిగా పరిణతి చెందడానికి ఇరవై ఏళ్ళు దాటిన తరువాత కూడా కొంతకాలం పడుతుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఈ వయసు పిల్లలు తల్లిదండ్రుల నుంచి దూరంగా జరగాలనుకొంటారు. గది తలుపు వేసుకొంటారు, అడిగినదానికి ముక్తసరిగా జవాబిస్తారు. కానీ తలుపు వేసుకోవాలంటే తలుపు అవతల ఎవరో ఒకరు ఉండాలి కదా! ఎదురు చెప్పడానికీ, అలగడానికీ, అలక తీరి అన్నం తినడానికీ ఒక మనిషి అవసరం. ఆ మనిషి లేని ఇంట్లో కౌమారం తన సహజమైన పోట్లాటను ఎవరితో పోట్లాడుతుంది?

రాయచోటి ప్రాంతపు పల్లెలో పదహారేళ్ళ అమ్మాయిని ఊహించుకోవచ్చు. అటువంటివారు ఒక్కరు కాదు, ఎందరో ఉన్నారు. తల్లి కువైట్‌లో ఉన్నది. తండ్రి ఆటో నడుపుతాడు. ఇంట్లో జేజి ఉన్నది కానీ ఆమెకు మోకాళ్ళ నొప్పులు. తెల్లవారకముందే లేచి నీళ్ళు పట్టేది, అన్నం వండేది, తమ్ముడిని బడికి తయారు చేసేది ఆ అమ్మాయే. తరువాత ఆమె కళాశాల బస్సు ఎక్కుతుంది. ఊరివారు చూసి “అమ్మ లేకపోయినా ఇల్లు ఎంత చక్కగా నడుపుతుందో” అని మెచ్చుకొంటారు. ఆ మెప్పు ఆమెకు సంతోషాన్నిస్తుంది. ఆ మెప్పే ఆమె నోరు కూడా కట్టేస్తుంది. అంత బాగా నడుపుతున్న పిల్ల, తనకు అలసటగా ఉందని ఎవరితో అనగలదు?

ఆ అమ్మాయి పెద్దమనిషి అయిన రోజున తల్లి దగ్గర లేదు. వేడుకను ఫోనులో చూసింది. పసుపు, పూలు, చీర, బంధువుల సందడి అన్నీ కనిపించాయి. పిల్ల కళ్ళలోని భయం అంత చిన్న తెరమీద కనిపించలేదు. ఆ తరువాత వచ్చిన కడుపునొప్పులు, బస్సులో వెంటపడే కుర్రవాడి చూపులు, గణితంలో తగ్గిన మార్కులు - ఇవేవీ ఫోను దాకా చేరలేదు. తండ్రికి చెప్పడానికి సిగ్గు. జేజికి చెబితే చదువు మాన్పిస్తారేమోనన్న శంక. తల్లికి చెబితే ఆమె అక్కడ అన్నం మానేస్తుందన్న బెంగ.

కువైట్‌కూ మనకూ రెండున్నర గంటల తేడా. పనిచేసే ఇంట్లో అందరూ భోంచేసి, గిన్నెలు తోమడం పూర్తయ్యేసరికి అక్కడ రాత్రి పది గంటలైతే ఇక్కడ పన్నెండున్నర అవుతుంది. అంతవరకు ఆ అమ్మాయి నిద్ర ఆపుకొని ఫోను పక్కన పెట్టుకొని కూర్చుంటుంది.

“తింటివా తల్లీ?”

“తింటి మా.”

“తమ్ముడు బడికి పోతాండాడా?”

“పోతాండాడు.”

“నువ్వు బాగుండావు కదా?”

“బాగుండామా. నువ్వు?”

“నాకేం, బాగుండా.”

ఆ వయసువారికి రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర అవసరమని వైద్యులు అంటారు. ఆమెకు దక్కేది నాలుగైదు గంటలు. తరగతిలో ఆమె కునుకుతుంటే అధ్యాపకులకు అది నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. అర్ధరాత్రి అయిదు నిమిషాల తల్లి గొంతు కోసం ఆమె ఇచ్చిన మూల్యమని వారికి ఎలా తెలుస్తుంది?

అవతలి వైపు తల్లి చెప్పని సంగతులూ ఇన్నే ఉంటాయి. ఇంటి పనివారికి రోజుకు 12 గంటలకు మించి పని ఉండరాదని, వారానికొక సెలవు ఇవ్వాలని కువైట్ 2015లో చట్టం చేసింది. కానీ చట్టం ఒక ఎత్తు, పరాయి ఇంటి నాలుగు గోడల మధ్య దాని అమలు మరొక ఎత్తు. నడుము నొప్పి, యజమానురాలి కసురు, చేతికి ఆలస్యంగా వచ్చే జీతం, తాను ఎత్తుకొని పెంచుతున్న పరాయి బిడ్డను చూసినప్పుడు కలిగే దిగులు - ఇవి ఆమె మింగేస్తుంది. బిడ్డ చదువు చెడుతుందని ఆమె దాస్తుంది. తల్లి పని చెడుతుందని బిడ్డ దాస్తుంది. ఇద్దరూ అబద్ధమాడుతున్నది ప్రేమతోనే. అయితే ప్రేమతో కట్టినా గోడ గోడే. రెండేళ్ళు, నాలుగేళ్ళు గడిచేసరికి ఆ గోడకు రెండువైపులా ఇద్దరు అపరిచితులు మిగులుతారు.

ఉత్తర తెలంగాణలో కథ మరొక విధంగా నడుస్తుంది. జగిత్యాల, సిరిసిల్ల, ఆర్మూరు, నిర్మల్ ప్రాంతాలలో వెళ్ళేది ఎక్కువగా తండ్రి. వీసాకు చేసిన అప్పు తీరడానికే మొదటి ఏడాది, రెండో ఏడాది సంపాదన సరిపోతుంది. తరువాత ఇల్లు, ఆ తరువాత పిల్లల చదువు. కొడుకును పట్టణంలోని వసతి గృహమున్న జూనియర్ కళాశాలలో చేర్పిస్తాడు. తండ్రి దుబాయిలో కార్మికుల గదిలో, కొడుకు నగరంలో హాస్టలు గదిలో, తల్లి ఊరిలో. ఒక్క కుటుంబం, మూడు చోట్ల మూడు పొయ్యిలు.

అరబ్ ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించరాదన్న నిబంధన ఉన్నది. అటువంటి నిబంధన అవసరమైనదంటే ఆ ఎండ ఎంతటిదో ఊహించవచ్చు. తన ఫీజు ఆ ఎండలో నుంచి వస్తున్నదని కొడుకుకు తెలుసు. ఎవరూ చెప్పకపోయినా తెలుసు. అందువల్ల ఒక పరీక్షలో మార్కులు తగ్గితే అది అతనికి పరీక్షలా కనిపించదు, తండ్రికి చేసిన ద్రోహంలా కనిపిస్తుంది. భౌతికశాస్త్రం అర్థం కాకపోవడం నేరం కాదు. కానీ తండ్రి చెమటను లెక్కగట్టుకొని చదివే పిల్లవాడికి అది నేరంగానే తోస్తుంది.

“మంచిగ చదువుతున్నవా బిడ్డా?”

“చదువుతున్న బాపూ.”

“పైసలు సరిపోతున్నయా?”

“సరిపోతున్నయి.”

ఇక్కడా కుశలమే, ఉపరి లేదు. గ్రూపు మారాలని ఉందని, రాత్రిళ్ళు గుండె దడగా ఉంటున్నదని, చనిపోవాలన్న తలపు ఒకనాడు వచ్చి పోయిందని అతడు చెప్పడు. ఆ మాట ఎవరితోనూ చెప్పకపోవడంలోనే అసలు ప్రమాదం ఉన్నది.

రెండేళ్ళకో, మూడేళ్ళకో తండ్రి సెలవు మీద వస్తాడు. అత్తరు వాసన, కంబళ్ళు, కొత్త ఫోను వస్తాయి. నెల రోజులు ఇల్లంతా పండుగ. కానీ తాను విడిచి వెళ్ళిన పన్నెండేళ్ళ పిల్లవాడి కోసం ఆయన వెతుకుతుంటే, ఎదురుగా మీసకట్టు వచ్చిన యువకుడు నిలబడి ఉంటాడు. తప్పు చేస్తే మందలించాలా వద్దా అన్నది ఆయనకు తెలియదు. నాలుగు రోజులు ఉండి పోయేవాడు తనను మందలించడమేమిటని కొడుకుకు అనిపిస్తుంది. తన ఇంట్లోనే తండ్రి చుట్టమవుతాడు. మాటతో పూడ్చలేని దూరాన్ని వస్తువుతో పూడ్చాలని చూస్తాడు. అడిగినా అడగకపోయినా మోటారు సైకిలు వస్తుంది. పిల్లవాడు దానిమీద వేగంగా వెళతాడు. ఎక్కడికి వెళుతున్నాడో అడిగేవారు మాత్రం మళ్ళీ విమానమెక్కి వెళ్ళిపోయి ఉంటారు.

అయితే ఈ తల్లిదండ్రులను తప్పుపట్టడం అన్యాయం. ‘దూరపు కొండలు నునుపు’ అని తెలిసి కూడా ఆ కొండ ఎక్కవలసి వచ్చినవారు వారు. వారు వెళ్ళినందువల్లనే ఎన్నో ఇళ్ళలో వడ్డీ వ్యాపారి రాకపోకలు ఆగాయి, పెంకుటింటి మీద పైకప్పు నిలిచింది, ఇంటిలో మొదటి పట్టభద్రురాలు తయారైంది. వలసపోయినవారి పిల్లలందరూ కుంగిపోతారని అనడమూ నిజం కాదు. బాధ్యత తెలిసి, లెక్కలు చూడడం నేర్చి, తోటివారి కష్టం త్వరగా గ్రహించే పిల్లలు ఆ ఇళ్ళ నుంచి వస్తున్నారు. కానీ లాభాన్ని చెప్పి నష్టాన్ని దాచడం సరికాదు.

నష్టం ఎంతో లెక్కగట్టడానికి ప్రయత్నించినవారు ఉన్నారు. తల్లిదండ్రులు వలసపోగా ఇంటివద్ద మిగిలిన పిల్లల ఆరోగ్యం మీద వివిధ దేశాలలో జరిగిన 111 అధ్యయనాలను క్రోడీకరించి 2018లో ‘లాన్సెట్’ వైద్యపత్రిక ఒక సమీక్షను ప్రచురించింది. తల్లిదండ్రుల దగ్గర పెరిగే పిల్లలకంటే వీరిలో కుంగుబాటుకు అవకాశం 52 శాతం, ఆందోళనకు అవకాశం 85 శాతం ఎక్కువగా ఉన్నదని అది తేల్చింది. పోషకాహార లోపం సైతం కొంత ఎక్కువే. ఇంటికి డబ్బు వస్తున్నా పిల్లల ఆరోగ్యం మెరుగుపడిన దాఖలా ఆ సమీక్షకు కనిపించలేదు. ఆ అధ్యయనాలలో అత్యధికం చైనాలో జరిగినవి కనుక ఆ అంకెలను యథాతథంగా మన పల్లెలకు అన్వయించరాదు. అయినా అవి చూపిన దిక్కు స్పష్టం. పది నుంచి పందొమ్మిదేళ్ళ వయసువారిలో ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తల్లిదండ్రులు దగ్గర ఉన్న పిల్లలకే ఈ ముప్పు ఉన్నప్పుడు, దూరమైన పిల్లలకు మరింత కాపుదల కావాలని వేరే చెప్పనక్కరలేదు.

ఫోను ఈ లోటును తీర్చలేదా అన్న ప్రశ్న సహజం. 1980 దశకంలో గల్ఫ్‌లోనివారు క్యాసెట్లలో తమ మాటలు రికార్డు చేసి, ఊరికి వచ్చేవారి చేతికిచ్చి పంపేవారు. ఇంటిల్లిపాదీ టేపురికార్డరు చుట్టూ కూర్చొని వినేవారు. వారు తిరిగి అదే విధంగా క్యాసెట్టు నింపి పంపేవారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు వారాల తరబడి అయినవారి వార్త తెలియక ఎన్నో ఇళ్ళు తల్లడిల్లాయి. దాదాపు 1,70,000 మంది భారతీయులను విమానాలలో స్వదేశానికి చేర్చారు. ఆ రోజులతో పోలిస్తే నేటి వీడియో కాల్ వరమే. కాని క్యాసెట్టుకున్న ఒక సుగుణం దీనికి లేదు. గంట క్యాసెట్టును ‘బాగున్నాను’ అన్న ఒక్క మాటతో నింపడం ఎవరికీ సాధ్యం కాదు. అది నిండాలంటే సంగతులు చెప్పి తీరాలి. ఫోను రోజూ మాట్లాడే అవకాశమిచ్చింది. రోజూ మాట్లాడుతున్నాం కదా అన్న ధీమాతో చెప్పవలసినది రేపటికి వాయిదా పడుతున్నది.

ఈ విషయంలో మన ప్రాచీన సాహిత్యం మౌనంగా లేదు. మహాభారతంలో పాండవులు పన్నెండేళ్ళు అరణ్యవాసానికీ, ఒక ఏడాది అజ్ఞాతవాసానికీ వెళ్ళారని అందరికీ తెలుసు. వారి పిల్లలు ఏమయ్యారన్న ప్రశ్న తక్కువమందికి తోస్తుంది. సుభద్ర అభిమన్యునితో పుట్టింటికి, ద్వారకకు వెళ్ళింది. ద్రౌపది కుమారులు అయిదుగురూ మొదట మేనమామ ధృష్టద్యుమ్నుని వెంట పాంచాల దేశానికి వెళ్ళి, తరువాత ద్వారకలో పెరిగారు. రాజకుమారులే అయినా వారూ తల్లిదండ్రులకు దూరమైన పిల్లలే. అరణ్యంలో పాండవులను చూడవచ్చిన కృష్ణుడు ద్రౌపదికి ఆమె బిడ్డల కబురు చెబుతాడు. ‘బాగున్నారు’ అని చెప్పి ఊరుకోడు. విలువిద్య మీద వారికెంత మక్కువో చెబుతాడు. సుభద్ర కన్నతల్లిలా చూసుకొంటున్నదని, ప్రద్యుమ్నుడు వారికి శిక్షణనిస్తున్నాడని వివరిస్తాడు. అడవిలో ఉన్న తల్లికి కావలసినది ఆ వివరమే. అది నిజమైన ఉభయకుశలోపరి.

అదే ద్వారకలో పెరిగిన అభిమన్యుడు పదహారేళ్ళ ప్రాయంలో పద్మవ్యూహం ముందు నిలిచాడు. వ్యూహంలోకి చొచ్చుకొనిపోవడం తండ్రి నేర్పాడు గాని ఆపదలో బయటపడడం తనకు తెలియదని ధర్మరాజుతో స్పష్టంగానే చెప్పాడు. పెదతండ్రులు వెంటనే వెనుక వస్తామని మాట ఇచ్చారు. సైంధవుడు అడ్డుపడడంతో రాలేకపోయారు. కథ అందరూ ఎరిగినదే. నేటి పిల్లలకు సైతం లోపలికి వెళ్ళే విద్యలన్నీ అందుతున్నాయి. కళాశాలలో సీటు, చేతికి ఫోను, నడపడానికి వాహనం ఉన్నాయి. చిక్కులో పడినప్పుడు బయటికి వచ్చే విద్య పుస్తకంలో దొరకదు. అది పక్కనున్న పెద్దవారి నుంచి రోజువారీ మాటలలో, చిన్న చిన్న మందలింపులలో, తప్పు చేసినా తలుపు తెరిచే ఉంటుందన్న నమ్మకంలో అబ్బుతుంది. “నాకు బయటపడడం తెలియదు” అని ఒక పిల్లవాడు నోరు తెరిచి చెప్పినప్పుడు వెనుక నిలబడవలసిన బాధ్యత అతనికి దగ్గరగా ఉన్న ప్రతి పెద్దమనిషిదీ.

కనుక చేయవలసినవి కొన్ని ఉన్నాయి. అవి పెద్ద ఖర్చుతో కూడినవీ కావు. మొదటిది, ప్రయాణానికి ముందే పిల్లలతో మాట్లాడడం. ఎందుకు వెళుతున్నారు, అప్పు ఎంత, ఎన్నేళ్ళకు తిరిగి వస్తారు అన్నవి పదమూడేళ్ళు దాటిన బిడ్డకు అర్థమవుతాయి. తెల్లవారి లేచి చూసేసరికి తల్లి లేకపోవడం వేరు, విమానాశ్రయం దాకా వెళ్ళి చేయి ఊపి రావడం వేరు. మొదటిదానిలో విడిచిపెట్టి పోయారన్న గాయం ఉంటుంది. రెండవదానిలో దుఃఖం ఉన్నా తనకూ ఆ నిర్ణయంలో పాలున్నదన్న గౌరవం ఉంటుంది.

రెండవది, దగ్గర ఉండే పెద్దవారిలో ఒక్కరైనా వినేవారు కావాలి. తల్లి వెళితే తండ్రి కేవలం సంపాదించేవాడుగా మిగలరాదు. జడ వేయడం రాకపోయినా ఫరవాలేదు, ఆ జడ వేసుకొనే పిల్ల ముఖం ఎందుకు వాడిందో కనిపెట్టడం రావాలి. పిన్నమ్మో, మేనత్తో, పొరుగింటి అక్కో ఆడపిల్ల శరీరానికి సంబంధించిన సందేహాలను సిగ్గు లేకుండా వినగలగాలి. సుభద్ర చేసిన పని అదే.

మూడవది, పెద్దకూతురిని ఇంటికి తల్లిగా మార్చకూడదు. అక్క తమ్ముడికి అన్నం పెట్టడం ముచ్చటే. కాని ఆమె పుస్తకం మూసి పొయ్యి దగ్గర కూర్చుంటే, తల్లి ఏ చదువు కోసం దేశం దాటిందో ఆ చదువే పొయ్యిపాలవుతుంది. పనిని ఇంటిలోని మగపిల్లలూ, తండ్రీ పంచుకోవాలి.

నాలుగవది, విద్యాసంస్థల బాధ్యత. వలస వెళ్ళేవారి పిల్లలు బడి మానకుండా సీజనల్ వసతి గృహాలు వచ్చాయి. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఎందరో ఆడపిల్లలకు నీడనిచ్చాయి. మంచం, కంచం ఏర్పడ్డాయి. వీటికి తోడు పేరుపెట్టి పలకరించి, తరగతిలో కునికే పిల్లను దండించే ముందు కారణమడిగే అధ్యాపకులు ఉండాలి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడడానికి 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ‘టెలి మానస్’ సేవను ప్రారంభించింది. 14416 అనే సంఖ్యకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. జ్వరానికి మందు అడగడంలో లేని సిగ్గు మనసు బాధకు సాయమడగడంలోనూ ఉండనక్కరలేదు.

అయిదవది, తోటి విద్యార్థుల పాత్ర. బెంచీ మీద పక్కన కూర్చున్నవారి తల్లో తండ్రో ఏ దేశంలో ఉన్నారో స్నేహితులకు తెలుసు. పండుగ సెలవులకు హాస్టలు ఖాళీ అవుతున్నప్పుడు ఎవరు పెట్టె సర్దుకోకుండా కిటికీ దగ్గర కూర్చున్నారో అధికారులకంటే ముందు తోటివారే చూస్తారు. “మా ఇంటికి రా” అన్న ఒక్క పిలుపు ఆ పండుగను నిలబెడుతుంది. ఎవరైనా చావు మాట ఎత్తితే దానిని రహస్యంగా దాచడం స్నేహం కాదు, వెంటనే నమ్మకమైన పెద్దవారి చెవిన వేయడమే స్నేహం.

పని కోసం మనుషులు కదలడం ఆగదు. వానలు కురిసినా కురవకపోయినా, చమురు ధర పెరిగినా తగ్గినా, ఎవరో ఒకరు ఏదో ఒక ఊరి బస్సు ఎక్కుతూనే ఉంటారు. ఆ ప్రయాణాలను ఆపడం పిల్లల చేతిలో లేదు. చాలాసార్లు తల్లిదండ్రుల చేతిలోనూ లేదు. వారి చేతిలో ఉన్నది మాట. రాత్రి ఫోను మోగినప్పుడు ‘బాగున్నాను’ అన్న తరువాత ఇంకొక్క వాక్యం చెప్పవచ్చు. ఈవేళ లెక్కల పరీక్షలో తప్పానని, వండిన కూర మాడిందని, నీవు గుర్తొచ్చి ఏడ్చానని. అవతలి నుంచి కూడా ఒక్క వాక్యం రావచ్చు: ఈవేళ నాకూ ఒంట్లో బాగాలేదు బిడ్డా అని. ఆ వాక్యం విన్నంతమాత్రాన ఎవరూ కూలిపోరు. తాను ఒంటరిగా మోస్తున్న బరువుకు రెండో చేయి తగిలినట్లు ఇద్దరికీ కాస్త తేలికపడుతుంది. పూర్వులు ఆ వాక్యం కోసమే ఉత్తరంలో కుశలప్రశ్న తరువాత అంత చోటు వదిలారు.